ఇంట్లో 19 లీటర్ల పేల్ ఏల్ బీరు: వర్ట్ కాచడం నుంచి సీసాకు మూత వేసేదాకా

అమెరికాలో ఉంటూ ఇంట్లో బీరు చేయడం మొదలుపెట్టిన తెలుగువాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే ఎండు పూలు) గురించే. ఏ రకం వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అని. చెడిపోయిన సీసా తెరిచి వాసన చూస్తే మాత్రం తప్పు హాప్స్‌లో దొరకదు. సరిగా కడగని గొట్టంలోనో, హాల్లో 75 ఫారెన్‌హీట్ దగ్గర వదిలేసిన బకెట్‌లోనో దొరుకుతుంది. అందుకే ఇక్కడ కాచే రోజుకన్నా ఆ తర్వాతి రెండు వారాల మీదే ఎక్కువ రాశాం.

ముందుగా చట్టం సంగతి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి, వయోజనులు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా బీరు చేసుకోవచ్చు. అమ్మకూడదు. ఈ అనుమతి బీరుకే, బట్టీ పెట్టి సారా తీయడానికి కాదు. మీ రాష్ట్రం నియమాలు కూడా ఒకసారి చూసుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. సెలవులకు ఊరెళ్లినప్పుడు అక్కడ చేసి చూపిద్దామన్న ఆలోచన వద్దు.

మొదటి బ్యాచ్‌కి అమెరికన్ పేల్ ఏల్ ఎంచుకున్నాం. ఏల్ ఈస్ట్ గది ఉష్ణోగ్రతకు దగ్గరగా పనిచేస్తుంది, చల్లగా పులిసే లాగర్ బీరులా ఫ్రిజ్ చలి అడగదు. గింజలు నానబెట్టి చక్కెర తీసే పని కూడా పెట్టుకోలేదు, పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన చక్కెర పొడి) వాడుతున్నాం. దాన్ని నీళ్లలో కాచిన తీపి ద్రవమే వర్ట్. గింజల పద్ధతి మూడో బ్యాచ్‌కో నాలుగో బ్యాచ్‌కో నేర్చుకోవచ్చు. ఫెర్మెంటేషన్ (పులియడం) అదుపులోకి రాకముందే దాని జోలికి వెళ్తే, తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడం కష్టమవుతుంది.

1. సామాను

- 20 లీటర్ల స్టీలు గిన్నె
- 6.5 గ్యాలన్ల (సుమారు 25 లీటర్ల) ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, బిగుతు మూత, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వనిది). ఈ బకెట్టే ఫెర్మెంటర్, అంటే బీరు పులిసే పాత్ర
- కింద కుళాయి ఉన్న ఇంకో బకెట్, సీసాలు నింపే రోజుకి
- ఆటో సైఫన్ (బీరును ఒక బకెట్ నుంచి ఇంకోదానికి లాగేది), దానికి సరిపడే గొట్టం
- సీసాలు నింపే కర్ర (అడుగు తాకితే తెరుచుకునేది)
- హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది), దాని జాడీ
- డిజిటల్ థర్మామీటర్, ఫెర్మెంటర్‌కు అంటించే స్టిక్కర్ థర్మామీటర్
- ఒక గ్రాము తేడా చూపించే తూకం
- మూతలు బిగించే క్యాపర్, 26 మిల్లీమీటర్ల మూతలు 60
- 355 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాలు 50
- స్టార్ శాన్ లాంటి ఆమ్ల శానిటైజర్, పిబిడబ్ల్యు లాంటి క్లీనింగ్ పౌడర్, స్ప్రే సీసా
- గింజలకు పలుచని బట్ట సంచి

సీసాలు కొనక్కర్లేదు, తాగినవే దాచుకోండి. ఓపెనర్‌తో తీసేవి మాత్రమే పనికొస్తాయి. చేత్తో తిప్పి తీసే సీసాల మెడ మీద మూత సరిగా పట్టదు, గ్యాస్ కారిపోతుంది.

కాచే రోజుకు ముందే ఖాళీ బకెట్‌లో కొలిచిన నీళ్లు పోస్తూ 17, 18, 19, 20 లీటర్ల దగ్గర బయటి నుంచి మార్కర్‌తో గీతలు పెట్టండి. బకెట్ మీద అచ్చువేసిన గీతలను నమ్మొద్దు.

2. దినుసులు

- లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్: 2.5 కిలోలు (5.5 పౌండ్లు)
- క్రిస్టల్ 40 మాల్ట్ (రంగు, రుచి కోసమే నానబెట్టే గింజలు), పిండి కాకుండా పలుకుగా మరపట్టించినది: 340 గ్రాములు
- మాగ్నమ్ హాప్స్, 12 శాతం ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం): 18 గ్రాములు
- కాస్కేడ్ హాప్స్: 28 గ్రాముల ప్యాకెట్లు 3
- సఫేల్ యుఎస్-05 డ్రై ఈస్ట్: 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి
- సీల్ తీయని స్ప్రింగ్ వాటర్: గ్యాలన్ జగ్గులు 6
- సీసాలు నింపే రోజుకి పంచదార: 110 గ్రాములు

గ్రావిటీ అంటే నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత బరువో చెప్పే అంకె, చక్కెర పులిసి తగ్గేకొద్దీ దిగుతుంది. లెక్క ప్రకారం మొదటి గ్రావిటీ 1.051 దగ్గర, చివరిది 1.012 దగ్గర వస్తుంది. తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారు 5.1. చేదు 35 ఐబీయూ (బీరు చేదుకు కొలమానం) దగ్గర ఉంటుంది.

మాగ్నమ్ ప్యాకెట్ మీద ఆల్ఫా శాతం పంటను బట్టి మారుతుంది. 216ని ఆ శాతంతో భాగిస్తే మీరు వేయాల్సిన గ్రాములు వస్తాయి. 14 శాతం ఉంటే 15.5 గ్రాములు చాలు.

హాప్స్ ఫ్రీజర్‌లో, ఈస్ట్ ఫ్రిజ్‌లో పెట్టండి. హాప్స్ ప్యాకెట్ తెరవగానే పాత చీజ్ వాసన కొడితే అవి పాతబడ్డాయన్నమాట, పారేయండి. పారేసేటప్పుడు కూడా జాగ్రత్త. కుక్కలకు హాప్స్ విషం. తింటే ఒళ్లు విపరీతంగా కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వాడేసిన పిప్పి కూడా అంతే. ఇంట్లో కుక్క ఉంటే సంచి కట్టి, మూత ఉన్న చెత్తడబ్బాలో వేయండి.

3. నీళ్లు

కుళాయి నీళ్లలో క్లోరిన్ గానీ క్లోరమిన్ గానీ ఉంటుంది. అది బీరులోని పదార్థాలతో కలిసి బ్యాండేజీ ప్లాస్టర్ వాసన తెస్తుంది, ఇక వదలదు. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమిన్ అంత తేలిగ్గా పోదు. కుళాయి నీళ్లే వాడాలనుకుంటే 20 లీటర్లకు క్యాంప్డెన్ మాత్ర (క్లోరిన్‌ను విరిచే సల్ఫైట్ బిళ్ల)లో పావు ముక్క పొడిచేసి కలపండి, కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. స్ప్రింగ్ వాటర్ జగ్గులైతే ఆ బాధే లేదు.

ముందురోజు రాత్రే రెండు జగ్గులు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లార్చే పనిలో సగం అక్కడే అయిపోతుంది.

4. కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు

కంటికి కనిపించే మురికి తీయడం కడగడం. కనిపించని సూక్ష్మజీవులను చంపడం శానిటైజ్ చేయడం. మురికి మీద శానిటైజర్ పోస్తే మురికి కిందివి బతికే ఉంటాయి. అందుకే ముందు క్లీనింగ్ పౌడర్ కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, మెత్తటి స్పాంజితో రుద్ది, బాగా తొలిచి, ఆ తర్వాతే శానిటైజర్. ప్లాస్టిక్ బకెట్‌కి పీచు తగలనివ్వకండి. గీతల్లో బ్యాక్టీరియా ఇల్లు కట్టుకుంటుంది.

స్టార్ శాన్ 19 లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు. చిన్న పనికి లీటరుకు ఒకటిన్నర మిల్లీలీటరు. ప్రతి మూలా తడిసి రెండు నిమిషాలు ఉంటే చాలు. నురగ వస్తుంది, అది బీరుకు హాని చేయదు. మళ్లీ నీళ్లతో తొలిస్తే చేసిన పనంతా వృథా.

ఆవకాయ జాడీ మనకు నేర్పింది పొడిగా ఉంచడం. ఒక్క తడి గరిటె పెడితే జాడీ అంతా బూజు. ఇక్కడ ఆ అలవాటును తిరగేయాలి. శానిటైజర్ తడి అలాగే ఉండాలి. తువ్వాలుతో తుడవకూడదు, ఆరబెట్టకూడదు.

గిన్నె, దానిలో మరిగే గరిటెను శానిటైజ్ చేయక్కర్లేదు, మరుగే ఆ పని చేస్తుంది. స్టవ్ ఆపాక తగిలేవన్నీ చేయాలి:

- బకెట్, మూత, రబ్బరు బిళ్ల, ఎయిర్‌లాక్
- థర్మామీటర్ కొన, హైడ్రోమీటర్, జాడీ
- ఈస్ట్ ప్యాకెట్ అంచు, దాన్ని కత్తిరించే కత్తెర
- నీళ్ల జగ్గుల మూత, మెడ
- మీ చేతులు

ఈ జాబితాలో అందరూ మరిచిపోయేది కత్తెర.

5. కాచే రోజు

మొత్తం నాలుగు గంటలు పెట్టుకోండి. మంట మీద ఉండే గంటన్నరా అక్కడే నిలబడాలి.

*గింజలు నానబెట్టడం.* గిన్నెలో 13 లీటర్ల నీళ్లు పోసి 67 సెల్సియస్ (153 ఫారెన్‌హీట్) దాకా వేడిచేయండి. స్టవ్ ఆపి, క్రిస్టల్ మాల్ట్ సంచి ముంచి 30 నిమిషాలు ఉంచండి. 77 సెల్సియస్ దాటితే పొట్టులోంచి వగరు దిగుతుంది. నానపెట్టి మరిచిపోయిన టీ పొడి వగరు లాంటిదే. తీసేటప్పుడు సంచి పైకెత్తి నీళ్లు కారనివ్వండి.

*సగం ఎక్స్‌ట్రాక్ట్.* నీళ్లు మరిగాక స్టవ్ ఆపండి. 1.25 కిలోల పొడి ఒకేసారి పోసి కలపండి. కొద్దికొద్దిగా వేస్తే ఆవిరి తగిలి ప్యాకెట్ మూతి దగ్గరే జీడిపాకంలా గట్టిపడుతుంది. ఉండలు కట్టినా కంగారు పడకండి, కలుపుతుంటే కరుగుతాయి. అడుగున పొడి మిగిలి ఉండగా స్టవ్ వెలిగిస్తే మాత్రం మాడుతుంది, ఆ మాడు వాసన చివరిదాకా ఉంటుంది. గరిటెతో అడుగు తడిమి చూసి, ఏమీ తగలకపోతే అప్పుడు వెలిగించండి.

*పొంగు.* మరుగు మొదలవడానికి ముందు వర్ట్ మీద లేత గోధుమరంగు నురగ పరుచుకుంటుంది. చిన్న బుడగలు మెల్లగా దగ్గరై, మధ్యలో ముడత పడ్డట్టయి, ఒక్కసారిగా లేస్తుంది. పాల పొంగు తెలిసినవాళ్లకు కొత్తేమీ కాదు, కాకపోతే ఇది పాలకన్నా జిగురు, స్టవ్ మీద పడితే గీకాల్సిందే. లేచే క్షణంలో మంట తగ్గించండి, స్ప్రే సీసాతో చల్లటి నీళ్లు కొట్టండి. అయిదారు నిమిషాలకు నురగ తనంతట తనే అణిగిపోతుంది. గిన్నెకు మూత వేయొద్దు.

*హాప్స్ వరుస.* నురగ అణిగాక గంట టైమర్ పెట్టండి.

- 60 నిమిషాలు మిగిలి ఉండగా: మాగ్నమ్ 18 గ్రాములు. చేదు దీనిదే
- 15 నిమిషాలు మిగిలి ఉండగా: కాస్కేడ్ ఒక ప్యాకెట్. రుచి కోసం
- స్టవ్ ఆపగానే: మిగిలిన 1.25 కిలోల ఎక్స్‌ట్రాక్ట్. కలిపి, మళ్లీ మరుగు చూపించి ఆపండి
- ఆ వెంటనే: కాస్కేడ్ రెండో ప్యాకెట్. వాసన కోసం

ఎక్స్‌ట్రాక్ట్ రెండుసార్లుగా ఎందుకంటే, అంతా ముందే వేస్తే 13 లీటర్లలో చక్కెర మరీ చిక్కబడుతుంది. హాప్స్ చేదు సరిగా దిగదు, రంగు కూడా ముదురుతుంది. హాప్స్‌లోని వాసన నూనెలు ఆవిరితో పోతాయి కాబట్టి వాసనకు వేసేవి చివర్లో. మన వంటలో కొత్తిమీర దింపేముందు వేసినట్టే.

6. చల్లార్చడం

గంట మరిగాక గిన్నెలో సుమారు 11 లీటర్లు మిగులుతాయి. సింకులో ఐసునీళ్లు నింపి గిన్నె దించండి. లోపల శానిటైజ్ చేసిన గరిటెతో మెల్లగా తిప్పండి, వేడెక్కిన సింకు నీళ్లు మార్చండి. 30 సెల్సియస్‌కు దిగడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ఐసుముక్కలు వర్ట్‌లో వేయొద్దు. ఫ్రీజర్ ఐసు శుభ్రమైనది కాదు.

ఇప్పుడు గిన్నె వంచి వర్ట్‌ను బకెట్‌లోకి పోయండి. అడుగున పేరుకున్న ఆకుపచ్చ మడ్డి చాలావరకు గిన్నెలోనే వదిలేయండి. కొంచెం పడినా నష్టం లేదు. తర్వాత ఫ్రిజ్‌లోని జగ్గులు తెరిచి 19 లీటర్ల గీత వరకు నింపండి. 30 డిగ్రీల 11 లీటర్లకు 4 డిగ్రీల 8 లీటర్లు కలిస్తే సరిగ్గా 19 డిగ్రీలు.

శానిటైజ్ చేసిన గరిటెతో రెండు నిమిషాలు గట్టిగా, నురగ లేచేలా కలపండి. ఇది చేయకుండా హైడ్రోమీటర్ ముంచితే 1.035 అనో 1.065 అనో చూపించి భయపెడుతుంది. చిక్కటి వర్ట్ అడుగున, నీళ్లు పైన ఉండిపోవడమే కారణం. ఎక్స్‌ట్రాక్ట్ తూకం, మొత్తం లీటర్లు సరిగా ఉంటే మొదటి గ్రావిటీ 1.051 పక్కనే ఉంటుంది, లెక్కనే నమ్మండి.

గాలి కలపడం ఈ ఒక్కసారే. ఈస్ట్ పని మొదలుపెట్టాక బీరుకు గాలి తగిలితే చెడుతుంది.

7. ఈస్ట్ వేయడం

వర్ట్ 20 సెల్సియస్ (68 ఫారెన్‌హీట్) లోపు ఉందని థర్మామీటర్‌తో చూసుకున్నాకే. 11.5 గ్రాముల ప్యాకెట్ అంతా వర్ట్ ఉపరితలం మీద పలచగా, ముగ్గుపిండి రాల్చినట్టు అంతటా చల్లండి. కలపొద్దు. పది పదిహేను నిమిషాల్లో గింజలు తడిసి, లేతరంగు మచ్చలుగా ఉబ్బి, మెల్లగా కిందికి దిగుతాయి. మూత బిగించి, ఎయిర్‌లాక్‌లో గీత వరకు శానిటైజర్ పోసి పెట్టండి.

రొట్టెల ఈస్ట్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. పులియడానికి పులుస్తుంది. కానీ అడుగున గట్టిగా కూర్చోదు, బీరు మబ్బుగా ఉండి రొట్టెపిండి వాసన వస్తుంది. బీరు ఈస్ట్ ప్యాకెట్ ధర మొత్తం ఖర్చులో చిన్న భాగం. ఆ మిగులు కోసం రెండు వారాల శ్రమ పణంగా పెట్టకండి.

8. పులిసే రోజులు: వేడి అదుపు

దోశపిండి వేసవిలో త్వరగా పులుస్తుందని సంతోషిస్తాం. బీరు విషయంలో త్వరగా పులిస్తే చెడినట్టే. వేడి ఎక్కువైతే ఈస్ట్ పరుగెత్తి, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన తెచ్చే పదార్థాలు, గొంతులో మంట తెచ్చే భారీ ఆల్కహాళ్లు వదులుతుంది. ఒకసారి వచ్చాక ఎన్ని నెలలు ఉంచినా అవి పూర్తిగా పోవు. ముఖ్యంగా మొదటి మూడు రోజులే వాటికి సమయం. ఆ మూడు రోజులు కాపాడితే చాలావరకు గట్టెక్కినట్టే.

గది వేడి, బకెట్ లోపలి వేడి ఒకటి కావు. ఈస్ట్ జోరుగా ఉన్నప్పుడు తన వేడి తనే పుట్టించుకుంటుంది. లోపల గదికన్నా 3 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటుంది. ఏసీ 75 ఫారెన్‌హీట్ (24 సెల్సియస్) మీద ఉందంటే బీరు 28 దగ్గర ఉడుకుతోందన్నమాట. చూడాల్సింది గోడ మీది థర్మోస్టాట్ కాదు, బకెట్‌కి అంటించిన స్టిక్కర్.

లక్ష్యం ఇది:

- 1 నుంచి 4 రోజులు: 18 సెల్సియస్ (64 ఫారెన్‌హీట్)
- 5వ రోజు, పైనురగ దిగడం మొదలయ్యాక: 20 నుంచి 21 (68 నుంచి 70) దాకా పెరగనివ్వండి
- అక్కడి నుంచి సీసాల రోజు దాకా అంతే

చివర్లో వేడి పెంచేది ఈస్ట్ బద్ధకించకుండా. తాను వదిలిన వెన్న వాసన పదార్థాన్ని తానే తినేయాలంటే దానికి కాస్త వెచ్చదనం కావాలి.

దాన్ని సాధించే దారులు, ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు:

*నీళ్ల టబ్బు.* పెద్ద ప్లాస్టిక్ టబ్బులో బకెట్ పెట్టి, బీరు మట్టంలో సగం పైదాకా నీళ్లు పోయండి. బకెట్‌కు పాత కాటన్ టీషర్టు తొడిగి, అంచు నీళ్లలో వేలాడేలా వదిలి, ఫ్యాన్ తిప్పండి. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. డెన్వర్ లాంటి పొడి ఊళ్లలో బాగా పనిచేస్తుంది. హ్యూస్టన్ ఉక్కలో అంత పనిచేయదు, అక్కడ గడ్డకట్టించిన అరలీటరు నీళ్ల సీసాలు ఉదయం రెండు, రాత్రి రెండు టబ్బులో మార్చండి.

*పాత ఫ్రిజ్, కంట్రోలర్.* వాడేసిన చెస్ట్ ఫ్రీజర్, దానికి ఇంక్‌బర్డ్ లాంటి ఉష్ణోగ్రత కంట్రోలర్. సెన్సర్ గాలిలో వేలాడితే లాభం లేదు. బకెట్ పక్కకు ఆనించి, పైన మడిచిన స్పాంజి పెట్టి టేపు వేయండి. ఏడాదికి నాలుగైదు బ్యాచ్‌లు చేసేవాళ్లకు ఇంతకన్నా విలువైన సామాను లేదు, పెద్ద గిన్నెకన్నా ముందు దీన్ని కొనండి. 19 లీటర్లు పులిసేటప్పుడు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మూత తెరవగానే తల లోపల పెట్టొద్దు.

*ఈస్ట్ మార్చడం.* వేడి అదుపు చేసే దారే లేకపోతే యుఎస్-05 బదులు వాస్ క్వైక్ డ్రై ఈస్ట్ వాడండి. నార్వే పల్లెల నుంచి వచ్చిన ఈ రకం 35 సెల్సియస్‌లో కూడా శుభ్రంగా పులుస్తుంది, లేత నారింజ వాసన ఇస్తుంది. టెక్సాస్ వేసవి గరాజ్‌కు ఇదే సరైనది.

*కనిపించేవి, అర్థాలు.* మొదటి 12 నుంచి 24 గంటలు ఏమీ జరగనట్టు ఉంటుంది, బకెట్ తెరవొద్దు. రెండో రోజుకు నాలుగైదు సెంటీమీటర్ల మందాన మీగడలాంటి నురగ లేస్తుంది, దాని మీద గోధుమరంగు చారలు, ఆకుపచ్చ చుక్కలు. అది బూజు కాదు, హాప్స్ జిగురు. మూత చుట్టూ కాయితం పట్టే సందున్నా గ్యాస్ అక్కడి నుంచే పోతుంది, ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ రాదు. బుడగలు రాలేదని పులియలేదనుకోవద్దు, బుడగలు ఆగాయని అయిపోయిందనీ అనుకోవద్దు. చెప్పేది హైడ్రోమీటర్ ఒక్కటే.

నురగ ఎయిర్‌లాక్‌లోకి ఎక్కితే దాన్ని తీసేసి, ఆ కన్నంలో శానిటైజ్ చేసిన గొట్టం దూర్చి, రెండో కొస శానిటైజర్ ఉన్న సీసాలో ముంచండి. అలాగే వదిలేస్తే హాప్స్ ముక్కలు అడ్డుపడి మూత ఎగిరి సీలింగ్‌కు తగులుతుంది.

9. గ్రావిటీ చూడటం, డ్రై హాప్

పదో రోజు మొదటి నమూనా తీయండి. 1.010 నుంచి 1.014 మధ్య ఉంటే కాస్కేడ్ మూడో ప్యాకెట్ బకెట్‌లో వేసి మూత పెట్టండి. మరిగించకుండా ఇలా వేయడమే డ్రై హాప్. మూడు రోజులు చాలు. వారం దాటితే గడ్డి వాసన మొదలవుతుంది.

డ్రై హాప్ చేశాక గ్రావిటీ మళ్లీ చూడాలి. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని విరగ్గొట్టి ఈస్ట్‌కు కొత్త మేత ఇస్తాయి, ఒకటి రెండు పాయింట్లు (0.001 ఒక పాయింటు) దిగొచ్చు. రెండు రోజుల తేడాతో తీసిన రెండు నమూనాలు ఒకే అంకె చూపిస్తేనే సీసాల పని. నమూనాను తిరిగి బకెట్‌లో పోయొద్దు, తాగి చూడండి. గ్యాస్ లేకపోయినా రుచి తెలుస్తుంది.

రిఫ్రాక్టోమీటర్ (వెలుగు వంగడాన్ని బట్టి చక్కెర కొలిచే పరికరం) ఉన్నా ఇక్కడ వాడొద్దు. ఆల్కహాల్ కలిశాక అది అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది.

10. సీసాలు నింపడం

అన్నిటికన్నా ప్రమాదం ఉన్న అంచె ఇదే, కాబట్టి లెక్క అర్థం చేసుకోండి. గ్రావిటీలో ఒక పాయింటు దిగితే సీసాలో సుమారు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది (బీరు ఎంత ఉందో అంత గ్యాస్ ఒక వాల్యూమ్). మనకు కావాల్సింది మొత్తం 2.4 వాల్యూములు. 1.012కు చేరాల్సిన బీరును తొందరపడి 1.016 దగ్గర నింపి, పంచదార కూడా వేస్తే అదనంగా ఇంకో 2 వాల్యూములు. మామూలు సీసా దాన్ని తట్టుకోలేదు. గాజు పగిలి ముక్కలు గది అంతా ఎగురుతాయి.

సీసాలో గ్యాస్ పుట్టించే పంచదార లీటరుకు 5.7 గ్రాములు. అడుగు మడ్డి వదిలేస్తే చేతికొచ్చేది 18 లీటర్లు, అంటే 103 గ్రాములు. చెంచాల్లో కాదు, తూకంలో వేయండి.

వరుస:

- సీసాలు లోపల టార్చి కొట్టి చూడండి. అడుగున మచ్చ ఉన్నది పక్కన పెట్టేయండి
- సీసాలు, మూతలు, కుళాయి బకెట్, గొట్టాలు శానిటైజ్ చేయండి. కుళాయి విప్పి లోపల కూడా
- పంచదార 350 మిల్లీలీటర్ల నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, ముందుగా కుళాయి బకెట్ అడుగున పోయండి
- ఫెర్మెంటర్ నుంచి బీరు సైఫన్‌తో దాని మీదికి వదలండి. గొట్టం కొస అడుగున చుట్ట తిరిగి ఉండాలి, పైనుంచి చిమ్మకూడదు
- గరిటెతో నాలుగైదుసార్లు మెల్లగా తిప్పండి. సరిగా కలవకపోతే కొన్ని సీసాలు చప్పగా, కొన్ని పొంగుతూ వస్తాయి
- నింపే కర్ర అడుగు తాకించి, అంచు దాకా నింపి, కర్ర తీసేయండి. పైన ఉండాల్సిన ఖాళీ దానంతటదే మిగులుతుంది
- మూత పెట్టి వెంటనే బిగించండి

కొంచెం బీరు మాత్రం శుభ్రమైన సోడా ప్లాస్టిక్ సీసాలో నింపండి. రోజూ నొక్కి చూస్తే లోపల గ్యాస్ ఎంత పట్టిందో వేళ్లకే తెలుస్తుంది. రాయిలా గట్టిపడితే అన్నీ ఫ్రిజ్‌లో పెట్టే సమయమన్నమాట.

సీసాలన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, చీకట్లో, 20 నుంచి 21 సెల్సియస్ దగ్గర రెండు వారాలు. చల్లటి బేస్‌మెంట్‌లో పెడితే నాలుగు వారాలైనా గ్యాస్ పట్టకపోవచ్చు. తర్వాత రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టండి. గ్లాసులో పోసేటప్పుడు ఒకే ధారగా పోసి, సీసా మెడలోకి తెల్లటి ఈస్ట్ గీత జరిగి వస్తుండగా ఆపండి. మజ్జిగ తేట వంపుకున్నట్టే, అడుగున వేలి మందాన వదిలేయాలి.

శాకాహారులకు ఒక మాట. బీరు తేటపడటానికి జెలటిన్, చేప నుంచి తీసే ఐసింగ్లాస్ వాడమని చాలా రెసిపీలు చెబుతాయి. ఈ బీరుకు అవి అక్కర్లేదు, ఫ్రిజ్ చలికే తేటపడుతుంది.

11. తేడా కొడితే: వాసన, కారణం, దిద్దుబాటు

*24 గంటలు దాటినా కదలిక లేదు.* ముందు మూత సందు చూడండి. నురగ నిజంగానే లేకపోతే 48 గంటలు ఆగి గ్రావిటీ చూడండి. దిగకపోతే ఇంకో ప్యాకెట్ ఈస్ట్ చల్లండి. మరీ వేడిగా ఉన్న వర్ట్‌లో వేసి చంపడం, గడువు తీరిన ప్యాకెట్ వాడటం మామూలు కారణాలు.

*1.020 దగ్గర ఆగిపోయింది.* ఎక్స్‌ట్రాక్ట్ బీర్లలో తరచూ జరుగుతుంది. 21 సెల్సియస్‌కు పెంచి, మూత తీయకుండా బకెట్‌ను మెల్లగా గుండ్రంగా ఊపి, అడుగు ఈస్ట్ లేపండి. అయిదు రోజులు ఆగండి. 1.016 దగ్గర వారమంతా కదలకపోతే ఆ ఎక్స్‌ట్రాక్ట్‌లో పులియని చక్కెర ఎక్కువని అర్థం, నింపుకోవచ్చు.

*పచ్చి యాపిల్ వాసన.* తొందరపడ్డారు. ఇంకో వారం ఈస్ట్ మీదే ఉంచండి.

*వెన్న, పాప్‌కార్న్ వాసన.* 21 దగ్గర మూడు నాలుగు రోజులు. సీసాల్లో నింపాక తెలిస్తే ఫ్రిజ్ నుంచి తీసి వారం గదిలో ఉంచండి, చాలాసార్లు తగ్గుతుంది. పులుపు కూడా తోడైతే అది బ్యాక్టీరియా పని.

*బ్యాండేజీ ప్లాస్టర్ వాసన.* క్లోరిన్ నీళ్లు, లేదా బ్లీచ్‌తో కడిగి సరిగా తొలవకపోవడం. దిద్దుబాటు లేదు.

*తడిసిన అట్టపెట్టె వాసన.* నింపేటప్పుడు గాలి కలిసింది. ఉన్నవి త్వరగా తాగేయండి, రోజులు గడిచేకొద్దీ ముదురుతుంది.

*హైవే మీద తగిలే స్కంక్ వాసన.* వెలుగు హాప్స్ చేదును విరగ్గొట్టింది. ఆకుపచ్చ, తెల్ల సీసాలు, కిటికీ పక్క బకెట్ కారణం. బకెట్ మీద దుప్పటి కప్పండి.

*పుల్లగా ఉంది, పైన తెల్లటి పలుచని పొర.* బయటి సూక్ష్మజీవి చేరింది. బీరు పారబోసి, గొట్టాలు, కుళాయి, గీతలు పడ్డ బకెట్ కొత్తవి కొనండి. గాజు, స్టీలు సామాను కడిగి వాడుకోవచ్చు.

*తెరవగానే ఫౌంటెన్‌లా పొంగుతోంది.* ఒకటి రెండు సీసాలే అయితే అవి మురికి సీసాలు. అన్నీ అలాగే ఉంటే పంచదార ఎక్కువైంది, లేదా పులియడం పూర్తికాలేదు. కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు వేసుకుని, డబ్బా మీద తువ్వాలు కప్పి, మొత్తం ఫ్రిజ్‌లోకి మార్చండి. బాగా చల్లబడ్డాక, మర్నాడు, ఒక్కొక్కటీ సింకులో పెట్టి, పైన గుడ్డ వేసి, మూత కొంచెం పైకి లేపి గ్యాస్ వదలండి. ఆ తర్వాత మళ్లీ బిగించుకోవచ్చు.

*మూడు వారాలైనా గ్యాస్ లేదు.* సీసాలు ఒక్కసారి తలకిందులు చేసి అడుగు ఈస్ట్ లేపి, 21 సెల్సియస్ ఉన్న చోటికి మార్చి ఇంకో పది రోజులు ఇవ్వండి. అప్పటికీ ప్లాస్టిక్ సీసా మెత్తగానే ఉంటే క్యాపర్ చూడండి. మూత అంచు సీసా మెడకు సమంగా ముడుచుకుందా, చేత్తో తిప్పితే కదులుతోందా అని. కదిలితే గ్యాస్ అక్కడి నుంచే పోయింది.